పెట్టెకు రెండు పిడులు

పండక్కి ఇల్లు చేరాలని ఒకటే ఆరాటం. దారిలోనేమో వదిలించుకుందామన్నా వదలని ఓ జిడ్డు మనిషి! కడుపుబ్బా నవ్వించే ఓ హాలీవుడ్ సినిమా.. ముక్కూమొహం తెలియని వాళ్లతో ఎలా మెలగాలో చెప్పకనే చెబుతుంది.

రెండ్రోజుల్లో పండగ. న్యూయార్క్‌లో ఓ ఆఫీసు గది. బల్ల మీద పరిచిన ప్రకటన బొమ్మల్ని క్లయింటు తిప్పి తిప్పి చూస్తున్నాడే తప్ప ఔననడు, కాదనడు. ఎదురుగా కూర్చున్న నీల్ పేజ్ ధ్యాసంతా టైము మీదే. విమానం అందుకుంటేనే షికాగోలో ఉన్న భార్యాపిల్లల దగ్గరికి రాత్రికల్లా చేరేది. ఎట్టకేలకు మీటింగు ముగిసింది. రోడ్డు మీదికొచ్చి ట్యాక్సీ కోసం పరుగు లంకించుకున్నాడు. ఇంకొకాయన కన్ను కూడా అదే ట్యాక్సీ మీద పడింది. ఇద్దరూ పోటాపోటీగా పరుగెత్తారు. మరో నాలుగడుగులేస్తే గెలుపు నీల్‌దే అనగా.. దారికడ్డంగా ఉన్న ఓ పెద్ద ట్రంకుపెట్టె కాళ్లకు తగిలింది. బొక్కబోర్లా పడ్డాడు. ట్యాక్సీ పోయింది.

సరే.. మరో ట్యాక్సీ ఎక్కబోతున్న లాయరును పట్టుకుని, డబ్బిస్తాను వదిలేయమని బేరమాడాడు. ఆ బేరం తెగేలోపు అందులో ఇంకెవరో ఎక్కి వెళ్లిపోయారు. ఎక్కింది మరెవరో కాదు, ఇందాకటి ట్రంకుపెట్టె గలాయనే!

'ప్లేన్స్, ట్రైన్స్ అండ్ ఆటోమొబైల్స్' మొదలయ్యేది ఇలా. 1987 నవంబరు 25న, సరిగ్గా థ్యాంక్స్‌గివింగ్ పండక్కి ముందురోజు అమెరికాలో విడుదలైందీ సినిమా. రాసింది, తీసింది, నిర్మించింది జాన్ హ్యూస్. తర్వాత 'హోమ్ అలోన్' కథ రాసింది కూడా ఆయనే. నీల్‌గా స్టీవ్ మార్టిన్, పెట్టె మనిషి డెల్ గ్రిఫిత్‌గా జాన్ క్యాండీ నటించారు. గంటన్నర సినిమా. పెద్ద కథేం లేదు. మంచు తుపానులో చిక్కుకున్న ఇద్దరు అపరిచితులు పండగ వేళకు షికాగో చేరడమే కథ. అయినా ప్రముఖ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ 2000లో దీన్ని తన 'గొప్ప చిత్రాల' వరసలో చేర్చుకున్నారు. అమెరికాలో ఎన్నో ఇళ్లలో ఏటా నవంబరులో ఈ సినిమా చూడటం పండగలో ఓ భాగం.

అందులో ఏముంది అంతగా? నవ్వులున్నాయి. ఆ నవ్వుల మధ్య గుచ్చుకునే ప్రశ్న ఒకటుంది. మనకు నచ్చని మనిషితో, మళ్లీ ఎప్పుడూ కనపడడనుకున్న మనిషితో.. మనం ఎలా ఉంటాం?

అక్కడి సంక్రాంతి

థ్యాంక్స్‌గివింగ్ అంటే ఏమిటో ఇవాళ చాలా తెలుగిళ్లలో విడమరచి చెప్పక్కర్లేదు. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో 'నాలుగురోజులు సెలవులమ్మా' అని ఫోన్ చేసేది ఆ పండక్కే. అబ్రహాం లింకన్ 1863లో దేశమంతా జరుపుకోవాలని పిలుపునిచ్చారు. నవంబరు నాలుగో గురువారమే పండగ అని 1941లో చట్టం చేశారు. కొత్త బట్టలు, పూజలు ఉండవు. కుటుంబమంతా ఒక బల్ల చుట్టూ చేరి భోంచేయడమే పండగ. అందుకే ఆ ముందు రెండు రోజులూ దేశమంతా రోడ్ల మీదే ఉంటుంది. సంక్రాంతికి మన బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు ఎలా ఉంటాయో అక్కడి విమానాశ్రయాలు అలా ఉంటాయి.

ఈ కథ గాల్లోంచి పుట్టలేదు. జాన్ హ్యూస్ ప్రకటనల రంగంలో పనిచేస్తున్న రోజుల్లో న్యూయార్క్ నుంచి షికాగో వెళ్లాల్సిన ఆయన విమానాన్ని వాతావరణం బాగోలేక కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాకు మళ్లించారట. ఇల్లు చేరేసరికి ఐదు రోజులు పట్టిందట. సినిమాలో నీల్ చేసేదీ ప్రకటనల ఉద్యోగమే. అతని విమానం దిగేదీ విచిటాలోనే!

పక్క సీటు పురాణం

విమానాశ్రయంలో డెల్ కనపడగానే నీల్ గుర్తుపడతాడు. 'నా ట్యాక్సీ ఎక్కింది మీరే' అంటాడు. డెల్ పాపం నొచ్చుకుంటాడు. తెలియక ఎక్కానని చెప్పి, ఏదైనా తినడానికో తాగడానికో ఇప్పిస్తానంటాడు. నీల్ వద్దంటాడు. కాఫీ వద్దంటాడు.. పాలు వద్దంటాడు.. ఏం చెప్పినా వద్దనే అంటాడు. తీరా విమానం ఎక్కాక ఫస్ట్‌క్లాసు సీటు లేదని నీల్‌ను వెనక్కి పంపిస్తారు. పక్క సీట్లో.. డెల్!

డెల్ చేసే ఉద్యోగం బాత్‌రూమ్ కర్టెన్లకు వేసే రింగులు అమ్మడం. ఊరూరా తిరుగుతాడు. నోరు మూతపడదు. బూట్లు విప్పేస్తాడు, మేజోళ్లు విప్పేస్తాడు, పాదాలు ఎంతగా మండిపోతున్నాయో వర్ణిస్తాడు. నీల్ పుస్తకంలో తలదూర్చినా మాట ఆగదు. ఇలాంటి మనిషి తగలని రైలు ప్రయాణం ఎవరికైనా ఉంటుందా?

అయితే ఇక్కడో సంగతి గమనించాలి. విచిటాలో విమానం దిగాక వందలమంది ప్రయాణికులు ఎక్కడ తలదాచుకోవాలో తెలియక నిలబడిపోతారు. డెల్ మాత్రం అప్పటికే తెలిసిన మోటెల్‌కు ఫోన్ చేసి గది ఖాయం చేసుకుంటాడు. గది దొరకని నీల్‌ను 'రండి, నాతో రండి' అని పిలుస్తాడు. సినిమా అంతా చూస్తే.. దారి వెతికేదీ, చొరవ చూపేదీ, తనకున్న దాంట్లో సగం ఇచ్చేదీ డెల్లే. నీల్ చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, మంచి కోటు తొడుక్కున్నవాడు. కానీ దారిలో ఎవరికైనా తనంతట తాను సాయం చేద్దామన్న ఆలోచనే అతనికి రాదు. చెడ్డవాడని కాదు. తొందరలో ఉన్నాడంతే.

తొందరే అసలు దొంగ

ఆ తొందర మనిషిని ఎంత మారుస్తుందో ఒక ప్రసిద్ధ ప్రయోగం తేల్చింది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జాన్ డార్లీ, డేనియల్ బ్యాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసి, 1973లో ప్రచురించిన ప్రయోగమది. మత బోధకులు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థుల్ని ఎంచుకున్నారు. ఒక భవనం నుంచి మరో భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చేయమన్నారు. కొందరికిచ్చిన అంశం.. బైబిల్లోని మంచి సమరయుడి కథ. దారిలో దెబ్బలు తిని పడివున్న పరాయివాణ్ని ఆదుకున్న మనిషి కథ అది.

వాళ్లు నడిచే సందులో ఒకతను తల వాల్చేసి, దగ్గుతూ, మూలుగుతూ కూలబడి ఉంటాడు. నిజానికి అతను శాస్త్రవేత్తలు కూర్చోబెట్టిన మనిషి. ఎవరు ఆగుతారు, ఎవరు ఆగరు అన్నదే పరీక్ష. 'ఇంకా చాలా టైముంది' అని చెప్పి పంపినవారిలో 63 శాతం మంది ఆగారు. 'ఇప్పటికే ఆలస్యమైంది, పరుగెత్తు' అని చెప్పి పంపినవారిలో ఆగింది 10 శాతమే! మంచి సమరయుడి గురించి మాట్లాడటానికి వెళ్తున్నామన్న సంగతి కూడా పెద్దగా తేడా తేలేదు.

దయ లేక కాదు.. టైము లేక మనం చాలామందిని దాటుకుని వెళ్లిపోతున్నామన్నమాట. సినిమాలో నీల్‌కు విమానం పోయింది, రైలు చెడిపోయింది, కారు కాలిపోయింది. తొందరపడే దారులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోయాకే పక్కనున్న మనిషి అతనికి కనపడ్డాడు.

ఆ రాత్రి.. ఆ మాటలు

మోటెల్‌లో ఒకటే గది, ఒకటే మంచం. డెల్ స్నానం చేసి తువ్వాళ్లన్నీ తడిపేస్తాడు. పడుకున్నాక వేళ్లు విరుస్తాడు, ముక్కులు ఎగబీలుస్తాడు. నీల్‌కు పిచ్చెక్కిపోతుంది. లేచి నిలబడి కడిగిపారేస్తాడు. నీ కబుర్లకు తలా తోకా ఉండదు, నిన్ను భరించడం ఎవరివల్లా కాదు అంటూ ఎడాపెడా వాయించేస్తాడు. ఆ మాటలు వింటుంటే మొదట థియేటర్లో నవ్వులు. కెమెరా డెల్ ముఖం మీదికి వెళ్తుంది. అంతే.. నవ్వుతున్నవాళ్ల నోళ్లు మూతపడతాయి.

డెల్ ఎదురుతిరగడు. తిట్టడు. నన్ను బాధపెట్టాలనుంటే బాధపెట్టండి, నేను తేలిగ్గా దొరికే మనిషినే అంటాడు. ఎక్కువ మాట్లాడతానన్నది నిజమే, ఎదుటివాళ్లు చెప్పేది ఎక్కువ వింటాను కూడా అంటాడు. మీలా మాటలతో పొడవడం తనకూ చేతనవుతుందనీ, కానీ ఎవరి మనసూ నొప్పించడం ఇష్టం లేదనీ చెబుతాడు. తనంటే తనకిష్టమనీ, తన భార్యకూ తానంటే ఇష్టమనీ అంటాడు. నీల్ దగ్గర జవాబుండదు. మారుమాట్లాడకుండా వచ్చి మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుంటాడు.

మనందరికీ తెలిసిన సంగతే ఇది. ఇంట్లో వాళ్ల మీద కోపం వస్తే రేపు మళ్లీ మొహాలు చూసుకోవాలన్న జంకు ఉంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్ల మీదైతే ఆ జంకుండదు. మళ్లీ కనపడరు కదా అన్న ధీమా. ఆ ధీమాతోనే పక్క బెర్తు ముసలాయన్ని కసురుకుంటాం, క్యూలో ముందున్నావిడ మీద విరుచుకుపడతాం. తిట్టిన మనం మర్చిపోతాం. పడ్డవాళ్లు ఆ మాటను ఇంటికి మోసుకెళ్తారు.

మర్నాడు పొద్దున జేబులు తడుముకుంటే ఇద్దరి డబ్బూ మాయం. నీల్ అనుమానం ముందు డెల్ మీదికే వెళ్తుంది. తీరా చూస్తే డెల్ పర్సూ ఖాళీ. రాత్రి ఇద్దరూ నిద్రపోతుండగా ఎవరో దొంగ గదిలో దూరి దోచుకుపోయాడు. తెలియని మనిషిని అనుమానించడం ఎంత తేలికో, అతనూ మనలాగే మోసపోయినవాడు కావచ్చని తట్టడం అంత కష్టం.

కౌంటరు అవతల ఒక మనిషి

అద్దెకు తీసుకున్న కారు కోసం నీల్ వెళ్తాడు. అక్కడ కారుండదు. తీసుకొచ్చి దింపిన బస్సు వెళ్లిపోయింది. కోపంతో అద్దె కాగితాన్ని విసిరేసి, మంచులో, హైవే పక్కన కాళ్లీడ్చుకుంటూ వెనక్కి నడుస్తాడు. కౌంటర్లో ఉన్నావిడ పండగ వంటల గురించి ఫోన్లో ముచ్చట్లాడుతుంటుంది. నీల్ బూతుల వర్షం కురిపిస్తాడు. అంతా విని ఆవిడ అడిగేది ఒక్కటే. అద్దె కాగితం ఏదీ అని. పారేశానంటాడు. ఆవిడ కూడా అతని భాషలోనే ఒక్క ముక్కలో జవాబిస్తుంది!

అమెరికాలో ఈ సినిమాకు 'ఆర్' సర్టిఫికెట్ రావడానికి కారణం ప్రధానంగా ఆ ఒక్క సీనేనంటారు. 17 ఏళ్లలోపు పిల్లలు పెద్దల తోడు లేకుండా చూడకూడదన్నమాట. ఇంట్లో పిల్లలతో కలిసి చూసేవాళ్లు ఆ ఘట్టం వచ్చినప్పుడు ముందుకు జరిపేయడం మంచిది.

నీల్ కోపం న్యాయమైందే. డబ్బు కట్టాడు, కారు లేదు. కానీ తిడితే కారు వచ్చిందా? లేదు. బయటికొచ్చి అదే నోటితో ట్యాక్సీలు పురమాయించే మనిషినీ తూలనాడతాడు. అతను మాటతో సరిపెట్టడు. ముక్కు మీద గుద్దుతాడు. ఆ కిందపడ్డ నీల్ ముందుకు కారేసుకుని వచ్చి ఆగేది ఎవరనుకున్నారు? మళ్లీ డెల్లే!

పండగ పూట కౌంటర్లో కూర్చున్న మనిషికి కూడా ఇల్లుంటుంది. బస్సు కండక్టరు, టోల్‌గేటు దగ్గర కుర్రాడు, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ నర్సు.. వీళ్లంతా అందరూ పండగ చేసుకుంటుంటే పనిలో ఉన్నవాళ్లు. సర్వీసులో లోపం ఉంటే అడగాల్సిందే. ఫిర్యాదు చేయాల్సిందే. అయితే ఆ లోపానికి కారణం ఎక్కువసార్లు ఎదురుగా కనిపించే మనిషి కాదు. అతను కనిపిస్తున్నాడు కాబట్టి దొరికిపోతున్నాడు, అంతే.

గడియారం ఇచ్చేసి..

డెల్ తెచ్చిన కారు కథ వేరే. ఇద్దరి క్రెడిట్ కార్డులు తారుమారై, అది నీల్ కార్డు మీదే అద్దెకొచ్చింది. రాత్రివేళ డెల్ హైవే మీద ఎదురు దారిలో నడుపుతుంటే, అవతలి వైపు నుంచి వెళ్తున్న భార్యాభర్తలు 'మీరు తప్పుదారిలో వెళ్తున్నారు' అని గొంతు చించుకుని అరుస్తారు. 'మనమెక్కడికి వెళ్తున్నామో వాళ్లకెలా తెలుసు?' అని వీళ్లు నవ్వుకుంటారు. తెలియనివాళ్లు మన మేలు కోరి చెప్పినా చెవికెక్కదనడానికి ఇంతకంటే నవ్వొచ్చే ఉదాహరణ ఉండదు. రెండు పెద్ద లారీల మధ్య నుంచి ప్రాణాలతో బయటపడతారు. కాసేపటికే డెల్ సిగరెట్ నిప్పు అంటుకుని కారు తగలబడిపోతుంది.

ఇక మిగిలింది మోటెల్. కార్డులు కాలిపోయాయి. నీల్ జేబులో ఉన్నవి 17 డాలర్లు. అవి ఇచ్చి, చేతి గడియారం కూడా విప్పి ఇస్తే గది దొరుకుతుంది. టైము కోసం అంతగా అల్లాడిన మనిషి చివరికి గడియారాన్నే వదులుకోవాల్సి వచ్చింది! డెల్ దగ్గర రెండు డాలర్లు, ఓ చవక గడియారం. అతనికి గది ఇవ్వరు. వెళ్లి ఆ కాలిపోయిన, పైకప్పు లేని కారులోనే కూర్చుంటాడు. పైన మంచు కురుస్తుంటుంది. అక్కడ లేని భార్యతో మాట్లాడుకుంటాడు. ఎవరైనా నచ్చితే చాలు, మరీ మీద పడిపోయి వాళ్లను దూరం చేసుకుంటానని తనను తానే తిట్టుకుంటాడు.

కిటికీలోంచి నీల్ చూస్తాడు. తలుపు తీసి లోపలికి రమ్మంటాడు.

మొదటి మోటెల్‌లో డెల్ పిలిస్తే నీల్ వెళ్లాడు. ఇక్కడ నీల్ పిలిస్తే డెల్ వచ్చాడు. ఇచ్చేవాడు, తీసుకునేవాడు అన్న తేడా చెరిగిపోయింది ఇక్కడే. డెల్ ఏమీ మారలేదు. అదే వాగుడు, అదే మనిషి. మారింది చూసే కళ్లు.

తెలుగులో 'సత్యమే శివం'

ఈ కథ ఛాయలు మన ప్రేక్షకులకు కొత్త కాదు. 2003 సంక్రాంతికి తమిళంలో కమల్‌హాసన్, మాధవన్ నటించిన 'అన్బే శివం' వచ్చింది. తెలుగులో 'సత్యమే శివం'గా అనువదించారు. దర్శకుడు సుందర్ సి, రచన కమల్‌హాసన్. భువనేశ్వర్ విమానాశ్రయంలో వానలకు విమానాలు ఆగిపోతాయి. ముఖం నిండా గాయాల మచ్చలతో ఉన్న ఒక కమ్యూనిస్టు, ప్రకటనలు తీసే ఓ కుర్రాడు చెన్నై దాకా కలిసి ప్రయాణం చేయాల్సి వస్తుంది. హాలీవుడ్ సినిమాతో పోలికను అప్పట్లోనే చాలామంది పట్టుకున్నారు. అయితే నవ్వులతో మొదలైన ఆ ప్రయాణం మన దగ్గరికొచ్చేసరికి దేవుడు, ప్రేమ, మనిషితనం అన్న చర్చగా మారింది. రెండింట్లోనూ ఒక్కటే సూత్రం. పక్కవాడి వేషం చూసి వేసిన అంచనాలు ప్రయాణం ముగిసేసరికి తలకిందులవుతాయి.

అన్నం పెట్టడం.. ఆలకించడం

పరాయివాళ్లను ఆదరించడం మనకెవరూ నేర్పాల్సిన పనిలేదు. తిథి చూసుకోకుండా వచ్చేవాడే అతిథి. కోనసీమలోని లంకల గన్నవరంలో గోదావరి దాటివచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా వండి వడ్డించిన డొక్కా సీతమ్మ (1841-1909) పేరును ఇప్పటికీ తలచుకుంటాం. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టింది.

ఆకలితో వచ్చినవాడికి అన్నం పెడితే పుణ్యమని మనకు తెలుసు. మరి విసిగించేవాడి సంగతి? డెల్‌కు ఆకలి తిండి గురించి కాదు. మాట గురించి. ఆ ఆకలి బయటికి వాగుడులా కనిపిస్తుంది. పార్కు బెంచీ మీద పదిసార్లు అదే కథ చెప్పే రిటైర్డు మాస్టారు, తలుపు తీయగానే అరగంట వదలని పక్కింటి పిన్నిగారు.. వీళ్లు మాట్లాడుతున్నది చెప్పడానికి ఏదో ఉండి కాకపోవచ్చు. వినడానికి ఇంట్లో ఎవరూ లేక కావచ్చు.

వినడం వల్ల మనం పోగొట్టుకునేది కూడా ఏమీ లేదు. షికాగోలోనే నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే పరిశోధకులు రోజూ లోకల్ రైళ్లలో తిరిగేవాళ్ల మీద అధ్యయనం చేసి 2014లో ప్రచురించారు. కొందరిని పక్కనున్న అపరిచితులతో మాట కలపమన్నారు. కొందరిని మౌనంగా ఒంటరిగా కూర్చోమన్నారు. ఇంకొందరిని మామూలుగా ఎలా వెళ్తారో అలాగే వెళ్లమన్నారు. మాట కలిపితే ప్రయాణం విసుగ్గా ఉంటుందనే చాలామంది ముందు ఊహించారు. తీరా చూస్తే మాట కలిపినవాళ్లే ప్రయాణం హాయిగా సాగిందని చెప్పారు!

కష్టం ముంచుకొస్తే ఊరికి ఊరే ఇలా మారిపోతుంది. 2001 సెప్టెంబరు 11న అమెరికా తన గగనతలాన్ని మూసేయడంతో కెనడాలోని గాండర్ అనే చిన్న ఊళ్లో 38 ప్రయాణికుల విమానాలు దిగాయి. పదివేల జనాభా ఉన్న ఊరికి ఆరున్నర వేల మందికి పైగా అతిథులు! సమ్మెలో ఉన్న స్కూలు బస్సు డ్రైవర్లు సమ్మె పక్కనపెట్టి వచ్చారు. బడులు, చర్చిలు, ఇళ్లు అన్నీ తలుపులు తెరిచాయి. రోజుల తరబడి తిండి, పడక, పలకరింపు.. అన్నీ వాళ్లవే.

మరి పిల్లలకేం చెప్పాలి?

ఇక్కడో ఇబ్బంది ఉంది. తెలియనివాళ్లతో మాట్లాడొద్దని పిల్లలకు చెబుతాం. చెప్పాలి కూడా. పెద్ద ఊళ్లలో జరుగుతున్నవి చూస్తే భయపడని తల్లి ఉండదు. మరి దయగా ఉండమని చెప్పేదెలా?

జాన్ హ్యూస్ రాసిన 'హోమ్ అలోన్'(1990)లో దీనికి జవాబు దొరుకుతుంది. పక్కింటి ముసలాయన మార్లే హంతకుడని వీధి పిల్లలు కథలు అల్లుకుంటారు. ఎనిమిదేళ్ల కెవిన్ అతణ్ని చూస్తేనే వణికిపోతాడు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం చర్చిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. కొడుకుతో మాటలు తెగిపోయి, మనవరాలి పాట వినడానికి దూరంగా వచ్చి కూర్చున్న ముసలాయన అతను. కెవిన్ భయం పోతుంది. అదే సినిమాలో విమానం దొరక్క ఏడుస్తున్న కెవిన్ తల్లికి తమ వ్యానులో చోటిచ్చేది ఊరు పేరు తెలియని ఓ బ్యాండు బృందం. ఆ బృంద నాయకుడు కూడా జాన్ క్యాండీయే!

కెవిన్, మార్లే మాట్లాడుకుంది పదిమంది ఉన్న చోట. దయ వేరు, నమ్మకం వేరు. దయ అందరికీ ఇవ్వొచ్చు. నమ్మకం తెలిశాకే ఇవ్వాలి. పిల్లలు ఒంటరిగా ఉన్నప్పుడు అపరిచితుల వెంట వెళ్లకూడదు. పెద్దల పక్కన ఉన్నప్పుడు వాచ్‌మన్ తాతకు నమస్కారం పెట్టొచ్చు, బస్సులో గర్భిణికి సీటివ్వొచ్చు, ఇంటికి పార్శిల్ తెచ్చిన అన్నకు మంచినీళ్లివ్వొచ్చు. ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. పిల్లలు ఇవి చెబితే నేర్చుకోరు. అమ్మానాన్నలు చేస్తుంటే చూసి నేర్చుకుంటారు.

మార్చిన ముగింపు

షికాగో చేరాక ఇద్దరూ స్టేషన్లో వీడ్కోలు చెప్పుకుంటారు. నీల్ ఇంటికెళ్లే రైలెక్కుతాడు. ఇల్లు తలచుకుని నవ్వుకుంటాడు. మధ్యలో డెల్ అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొస్తాయి. మోటెల్ గదిలో మంచం పక్కన పెట్టుకున్న భార్య ఫొటో.. ఇంటికెళ్లి ఏళ్లయిందన్న మాట.. అంత బరువైన పెట్టె. ముఖంలో నవ్వు మాయమవుతుంది. వెనక్కి తిరిగి వస్తాడు. ఖాళీ స్టేషన్లో పెట్టె పక్కన డెల్ ఒక్కడే కూర్చుని ఉంటాడు. భార్య మేరీ చనిపోయి ఎనిమిదేళ్లయింది. అతనికి వెళ్లడానికి ఇల్లు లేదు. ఆ పెట్టే ఇల్లు.

మొదట రాసుకున్న కథలో డెల్ తానే నీల్ వెంటపడి అతనింటి దాకా వస్తాడట. తర్వాత దాన్ని మార్చి, నీలే వెనక్కి వచ్చేలా చేశారు. మార్పు చిన్నదే. అర్థం మాత్రం మొత్తం మారిపోయింది. పిలవకుండా వచ్చినవాణ్ని భరించడం ఒకటి. వెళ్లి వెతికి పిలుచుకురావడం ఒకటి. మొదటిది మర్యాద. రెండోది దయ.

ఆ తర్వాత ఇద్దరూ ఆ ట్రంకుపెట్టెను చెరో పిడి పట్టుకుని వీధిలో నడిచొస్తారు. మొదట్లో నీల్‌ను బోర్లా పడేసిన పెట్టే అది. మధ్యలో రైలు చెడిపోయినప్పుడు పొలాల్లో డెల్ ఒక్కడే దాన్ని ఈడ్చలేక ఈడుస్తుంటే, ముందు వెళ్తున్న నీల్ ఆగి వచ్చి ఒక చెయ్యి వేస్తాడు. అతను చేసిన మొదటి సాయం అదే. మనకు అడ్డం పడిందనుకున్న బరువు ఇంకొకరి బతుకు బరువు కావచ్చు. దానికి రెండో పిడి కూడా ఉంటుంది.

జాన్ క్యాండీ 1994లో, 43 ఏళ్లకే కన్నుమూశారు. జాన్ హ్యూస్ 2009లో వెళ్లిపోయారు. డెల్ మాత్రం ఏటా నవంబరులో ఆ గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చో లేదో అన్నట్టు చిన్నగా నవ్వుతూనే ఉన్నాడు.

ఈసారి పండక్కి ముందు ఒక్క నిమిషం ఆలోచించండి. మీ అపార్ట్‌మెంట్లో ఊరెళ్లని బ్రహ్మచారి కుర్రాడున్నాడా? పిల్లలు విదేశాల నుంచి రాలేకపోయిన పెద్దాయన ఉన్నాడా? ఈ ఏడాదే జంటలో ఒకరిని పోగొట్టుకున్న పొరుగువాళ్లున్నారా? అమెరికాలో ఉన్న మీ అబ్బాయి గదికి కొత్తగా దిగిన కుర్రాడెవరైనా ఉన్నాడేమో ఫోన్లో అడగండి. ఎలాగూ పదిమందికి వండుతారు. పదకొండో విస్తరి వేయడం కష్టమేం కాదు. వెళ్లి తలుపు తట్టి పిలవడమే కాస్త కష్టం.